మార్చి నాలుగును జరిపిన మహాలక్ష్మమ్మ

ఫిల్మ్ నగర్‌లో తిరుమలేశ్ టీకొట్టు ముందు ఉండే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ మహాలక్ష్మమ్మ గారిదని ఆ వీధిలో అందరికీ తెలుసు. నలభై ఏళ్ళుగా ఆవిడ ప్రాంప్టరు. కెమెరా పక్కన నిలబడి, ఆర్టిస్టులు మర్చిపోయిన డైలాగు అందించడం ఆవిడ పని. ఆ కార్తీకమాసపు ఉదయం మాత్రం ఆవిడ టీ గ్లాసు ముట్టుకోలేదు. కొత్త సినిమాకి ఈవిడనే పెట్టుకోవాలా, ఆర్టిస్టుల చెవుల్లో చిన్న మిషను పెట్టి సరిపెట్టాలా అన్నది తేల్చుకోడానికి ప్రొడక్షన్ మేనేజర్ జగదీశ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

మొన్న సోమవారం సెట్లో, చేతిలో కాగితం ఉండగానే, సీను ఎంతవరకు వచ్చిందో ఆవిడకి తట్టలేదు. అది గమనించింది డబ్బింగ్ చెప్పే జెరూష ఒక్కతే అనుకుంది ఆవిడ. ఆ పిల్ల ఎవరికీ చెప్పే రకం కాదు. అయినా జగదీశ్ చూపు చూస్తే ఏదో విన్నట్టే ఉంది. మాట్లాడుతూ ఉన్నంతసేపూ మరుపు బయటపడదని ఆవిడ నమ్మకం.

"ఈ సినిమాలో మన హీరో అమెరికా అధ్యక్షుడవుతాడమ్మా," అన్నాడు జగదీశ్. "పూర్వం వాళ్ళు మార్చి నాలుగున ప్రమాణం చేసేవారట. తేదీ ఎందుకు మార్చారో మా డైరెక్టరు గారికీ తెలీదు."

"నన్నడుగు బాబూ. మార్పించింది నేనేగా!"

"మన మహాలక్ష్మమ్మ కోతలు షురూ చేసింది," అన్నాడు తిరుమలేశ్, పాలగిన్నె దించుతూ. పక్క బల్ల మీద జెరూష నవ్వింది.

"పెద్ద పనేం కాదయ్యా, ఒక్క అక్షరంతో మొదలైంది. ఒక కొత్త హీరో కోర్టు సీన్లో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నేను లైటు స్టాండు వెనకనుంచి 'నా' అన్నాను. అంతే. మాట మొత్తం ఇవ్వకూడదు, మొదటి అక్షరం ఇస్తే మిగతాది మనిషి లోపలినుంచి తన్నుకొస్తుంది. పేజీన్నర గడగడా చెప్పేశాడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి ఢిల్లీ దాకా పాకి, అక్కడ ఓ మంత్రిగారికి ప్రమాణం మధ్యలో గొంతు పట్టేస్తే నాకు ఫోను చేశారు, నేను వంటింట్లో పోపు వేస్తూనే 'దై' అన్నాను, ఆయన 'దైవసాక్షిగా' అని అందుకున్నాడు. ఆ పక్కనే నిలబడ్డ అమెరికా రాయబారి అది విని, తల్లీ, మా వాళ్ళని కూడా గట్టెక్కించమని నాకు విమానం పంపించాడు."

"విమానంల కిటికీ సీటు దొరికిందా అమ్మా?" అన్నాడు తిరుమలేశ్.

"కిటికీలన్నీ నావే నాయనా, విమానంలో నేనొక్కదాన్నే! దిగి చూద్దును కదా, నవంబరులో ఎన్నిక, మార్చిలో ప్రమాణం. నాలుగు నెలలు! పూర్వం గుర్రబ్బండ్ల మీద, మంచులో, బురదలో పడి రాజధానికి రావాలి కాబట్టి అంత గడువు పెట్టుకున్నారు, సరే, రైళ్ళొచ్చాక కూడా ఆ గడువు అలాగే ఉంచేశారు. దిగిపోయే ఆయన మాట ఎవరూ వినరు, ఎక్కబోయే ఆయనకి ఇంకా అధికారం లేదు, ఈలోగా బ్యాంకులు మూతబడుతున్నాయి, జనం పనుల్లేక రోడ్లమీద పడ్డారు. కానీ అసలు భయం అది కాదు బాబూ."

ఆవిడ గొంతు తగ్గింది.

"గెలిచినవాడు నాలుగు నెలలు ఊరికే కూర్చుంటే ఏమవుతుంది? మొదటి నెలలో ప్రమాణంలో ఓ మాట పోతుంది. రెండో నెలలో వరస పోతుంది. మూడో నెలలో, కాగితం చేతిలోనే ఉంటుంది, అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి, మనం ఎక్కడున్నామో తెలీదు. చుట్టూ అందరూ మన నోటివంకే చూస్తుంటారు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ గబగబా గొంతు పెంచింది.

"అందుకని నేను వాళ్ళ పార్లమెంటు మెట్లెక్కి, రాజ్యాంగం తెరిపించి, నలభై ఎనిమిది రాష్ట్రాలకీ తలా ఒక్క అక్షరం అందించాను. సముద్రం అలలాపుకుని విన్నది! గద్దలు గాల్లోనే ఆగిపోయాయి! అన్ని రాష్ట్రాలూ ఒక్క గొంతుతో అరిచాయి, ఇకమీదట అధ్యక్షుడి ప్రమాణం..."

తేదీ రాలేదు.

ఇందాక నాలిక చివరనే ఉంది. నెల కూడా రాలేదు. జగదీశ్ టీ గ్లాసు కింద పెట్టి ఆవిడ మొహంలోకి చూశాడు. సోమవారం కూడా ఇదే, ఇలాగే అయింది.

జెరూష గ్లాసు నోటికి అడ్డం పెట్టుకుని, ఆవిడకి మాత్రమే వినపడేలా, "జ" అంది.

"జనవరి ఇరవై!" అని అరిచింది మహాలక్ష్మమ్మ. "పంతొమ్మిది వందల ముప్ఫై మూడులో మార్పించాను!"

జగదీశ్ నెమ్మదిగా మూతి తుడుచుకున్నాడు. "మీ ఆధార్ జిరాక్సు మా ఆఫీసులో ఉందమ్మా. మీరు పుట్టింది యాభై మూడులో. పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే ప్రాంప్టింగ్ మొదలెట్టారా?"

టీకొట్టంతా గొల్లుమంది. "గంత పైకెగిరి గీడ దొరికితివి గదమ్మా!" అన్నాడు తిరుమలేశ్. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. దొరికింది అబద్ధం ఒక్కటే, మరుపు కాదు.

"ఇన్ని గుర్తున్న మనిషికి మతి తప్పిందని ఎవడో కూశాడు," అన్నాడు జగదీశ్ లేస్తూ. "మిషనూ వద్దు, ఏమీ వద్దు. మీరే చెయ్యండి. మార్చి మొదటి వారంలో షూటింగు."

ఆవిడ నవ్వు ఆగింది. "మార్చి దాకానా? జనవరికి జరపకూడదా బాబూ?"

"పుష్యమాసంలో క్లాపెవరు కొడతారమ్మా! ఆపైన హీరోగారి డేట్లు మార్చిలోనే ఉన్నాయి." ఇంకా కోతలే అనుకుని మళ్ళీ అందరూ నవ్వారు. జగదీశ్ నవ్వుకుంటూనే కారెక్కాడు.

జెరూష నవ్వలేదు. కొంగు చాటున మహాలక్ష్మమ్మ వేళ్ళు మడుస్తోంది. డిసెంబరు. జనవరి. మూడో వేలు సగం మడిచి ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడంలేదు.

జెరూష కుర్చీ దగ్గరికి జరిగి, ఆ వేలు పట్టుకుని, మెల్లగా, "ఫి" అంది.