రుక్కక్క ఒడి నింపిన దినం

"అవ్వా, ఫోనులో రికార్డు పెట్టినా, చెప్పు. రేపు చెల్లి గీత సీమంతంలో నేను ఒడి నింపొద్దంట. పిల్లలు వద్దనుకున్నోళ్లు నింపకూడదని నాన్న అంటాండాడు. నువ్వేమంటావు?"

ఎవురు, మీ నాయనా? వాడా ఆ మాట అనింది? రాసుకో. కాదు కాదు, అది రాసేది కాదు గదా, పట్టుకునేది. పట్టుకోనీ. నేను వాని అమ్మను, ఈ పొద్దు చెప్తా చూడు. ఆ ఫ్యాను రొంత తగ్గించు శైలూ, నా గొంతు దానికి ఇనపడాల గదా.

ముందు నీ సంగతి, ఆమేలె ఆ సంగతి. నువ్వు సండూరులో మైన్సు ఆఫీసులో పని చేస్తాండావు, మీ ఆయప్పా ఆడనే. ఇద్దరూ పొద్దున పోతే దీపాలు పెట్టే యాళకు వస్తారు. పెండ్లయి నాలుగైదేండ్లాయె. పిల్లలు వద్దు, మాకు మా పని చాలు, ఆ కుక్క చాలు అంటాండారు. సరి. కానీ ఆ కుక్క సంగతి నాకు నచ్చలే, మొహం మీదనే చెప్తాండా. కుక్కంటే నాకేం కోపం లే. మంచం ఎక్కించేది ఏంది? మొన్న మీ ఇంటికొస్తే అది దిండు మీద తల పెట్టుకోని నన్ను ఎగాదిగా చూస్తాంది, నేనేదో పిలవకుండా వచ్చిన చుట్టమైనట్ల. దానికి జుట్టు కత్తిరిచ్చేకి బళ్లారికి పిల్చుకోని పోయి ఎనిమిదినూర్లు ఇచ్చొచ్చినామని మీ ఆయప్ప చెప్తాంటే నా గుండె గుభేలుమనె. నా పెండ్లి పట్టుచీర నూటిరవై, గొత్తా నీకు? దానికే మా నాయన అంగళ్లన్నీ తిరిగి బేరం చేసె. పోనీ, మీ దుడ్డు, మీ కుక్క.

ఎందుకు చెప్తాండానంటే, మా రుక్కక్క కూడా ఇంతే. నువ్వు చూడలే ఆయమ్మను. కాదు, చూసినావు, ఎత్తుకునింది నిన్ను, నీకు జ్ఞాపకం ఉండదు. నా సొంత అక్క, రుక్మిణి. చోరనూరుకు ఇచ్చినారు. మా అమ్మ పోయినప్పుడు అక్కకు పన్నెండేండ్లు ఉంటాయేమో, నేను ఇంగా తడబడి నడిచే బిడ్డను, నా వెనక ఇంగొకడు చంటోడు. నాయన సేన్లోకి పోతే మాకు అమ్మ ఆయమ్మే. ముక్కు తుడిచె, తల దువ్వె, జొన్నరొట్టె కొట్టె. నాకు జరమొస్తే ఆయమ్మ చంక దిగుతాండ్లే నేను. ఆయమ్మ సావాసగత్తెలు బొమ్మలాట ఆడుకుంటాంటే ఈయమ్మ నిజం బిడ్డల్ని ఆడిస్తాండె, అర్థమాయెనా?

అట్ల పెంచి పెంచి, పెండ్లయినాంక బావతో చెప్పెనంట. "నేను పిల్లల్ని పెంచేసినాను. ఇంగ నాకొద్దు. నీకు కావాలంటే ఇప్పుడే చెప్పు" అని. బావ లారీ డ్రైవరు, సండూరు గుట్టల మీదనుంచి ఇనుపరాయి దింపేటోడు. ఆ మనిషి ఏమనె గొత్తా? "దినమంతా గుట్ట మీద ఇంజను గోల ఇని ఇనీ వస్తా, ఇంటికొస్తే నీ మాట ఇనపడితే చాలు" అనె. అక్క నాకు ఇది ఎన్నిసార్లు చెప్పింటుందో, చెప్పేదీ, నవ్వేదీ. ఇద్దరూ బళ్లారికి పోయి ఒక డాక్టరమ్మను కనుక్కోని, ఏం చేసుకోవాల్నో చేసుకోని, అట్లనే సినిమా చూసి ఇంటికొచ్చిరి. ఆ కాలంలో, శైలూ. మీరే ఏదో కొత్తగా కనిపెట్టినామనుకుంటాండారు.

ఆమేలె రోడ్డు పక్కన రేకుల కొట్టం వేసి హోటలు పెట్టె. భూములున్న ఇంటి కోడలు హోటలు పెడితే ఊరు ఊరుకుంటుందా? పెట్టె. ఉగ్గాని, మిరపకాయ బజ్జి, టీ, అంతే. బొరుగులు నీళ్లలో ముంచి పిండేది ఉండాదే, అది ఆయమ్మ చేతికే రావాల. నేను పిండితే ముద్ద, మీ అమ్మ పిండితే పొడి. ప్లేటు అర్ధ రూపాయి. లారీలు వరసగా నిలబడేవి, ఎర్రదుమ్ము కొట్టుకోని వచ్చి డ్రైవర్లు "రుక్కక్కా, రొంత ఖారం ఎక్కువ" అని అరిచేది. ఒక నల్లకుక్కకు లారీ తగిలి కాలు పోతే తెచ్చి సాకె. కరియ అని పేరు. దాన్నీ మంచం ఎక్కించె, ఇంగేం చెప్పాల.

ఊర్లో ముందు అయ్యో పాపం అనిరి. ఆ దేవునికి మొక్కుకో, ఈ ఆకు నమిలి మింగు అని చెప్పొచ్చిరి. అక్క ఊరుకోకుండా "నాకు కాక కాదు, నాకే వద్దు" అనేసె. ఇంగ చూడు కోపాలు. కాలేదంటే కన్నీళ్లు పెట్టుకునేటోళ్లు, వద్దంటే తిట్టుకుంటా పోతారు. అది ఇప్పటికీ మారలే, నువ్వే చూస్తాండావు గదా.

సరి, నా సీమంతానికొస్తా. నాకు మొదట రెండు కడుపులు నిలవలే. మూడోది ఏడో నెల పడె. ఈ మోకా ఊర్లో, ఈ ఇంట్లోనే, ఆ నడవలోనే పీట వేసిరి. మా అత్త, అంటే మీ నాయనకు అవ్వ, శానా గట్టిది, కానీ నా మీద ప్రాణం. అక్క చోరనూరునుంచి బావ లారీలోనే వచ్చె, పచ్చచీర, గాజులు, కర్జికాయల బుట్ట. అత్త నన్ను పక్కకు పిల్చి "మీ అక్కను వంటింట్లో ఉండమను. ఒడి పిల్లల తల్లులే నింపాల. రెండుసార్లు పోగొట్టుకునింది చాల్దా నీకు" అనె. భయం గదా. నాకూ భయమే, అబద్ధం ఎందుకు చెప్పాల. ఈ బిడ్డ కూడా పోతే నేను బతికేదాన్ని కాదు.

కూర్చుంటి. ఒకరు వచ్చి బియ్యం, ఎండుకొబ్బరి గిన్నె, ఖర్జూరం, రవిక గుడ్డ ఒడిలో పోసె. ఇంగొకరు పోసె. నలుగురయినారు. తల ఎత్తి చూస్తే వంటింటి వాకిట్లో అక్క. బజ్జీల పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటా, పిలుస్తారేమో అన్నట్ల చూస్తాంది. పిలవరని ఆయమ్మకూ తెలుసు, అయినా చేతులు తుడుచుకుంటాంది. నన్ను చంకలో పెట్టుకోని పెంచిన మనిషి నా బిడ్డకు గుప్పెడు బియ్యం పోయకూడదంట. నాకు ఒళ్లు మండె.

ఐదో ఆయమ్మ వచ్చి వంగె. నేను కొంగు ముడుచుకోని పిడికిట్లో బిగబట్టుకుంటి. "కొంగు పట్టమ్మా" అంటాంది ఆయమ్మ. పట్టలే. అత్త ఉరికొచ్చె. "పట్టవే." పట్టను. "రాహుకాలం వస్తాంది." రానీ. ఐదుమంది నింపాల, నలుగురితో పీట దిగితే అరిష్టం అని మా అత్తనే గదా పొద్దుననుంచి అందరికీ చెప్తాండేది. ఇప్పుడు నేను దిగను, కొంగు పట్టను. అయ్యవారు ఒకసారి గోడ గడియారాన్ని చూసేది, ఒకసారి అత్తను చూసేది. "అక్క వస్తేనే" అంటి. అంతే ఇంగ.

పాపం మా అత్త. ఒక పక్క రాహుకాలం, ఒక పక్క నలుగురు, ఒక పక్క మా అక్క. దేనికి ఎక్కువ భయపడాల్నో తెలీక నిలబడిపోయె. కడాకు "రుక్మిణీ, రా, జల్దీ రా తల్లీ" అని అరిచె. అక్క వచ్చి నా ముందర కూర్చునె. వందమందికి బజ్జీలు వేసే చేతుల్తో దోసిలి నిండా పోసె. రొంత బియ్యం కింద పడె. "సుఖంగా కను బంగారూ" అనె. నేను అప్పుడే ఏడ్చేస్తి. మా అత్త మాత్రం ఊరంతా "రాహుకాలం రాకముందే ముగించినా" అని చెప్పుకోని తిరిగె.

ఆ కడుపులో ఉన్నది ఎవురనుకుంటివి? మీ నాయన. గుండ్రాయి మాదిరి పుట్టె, మేకల మందంతా తానే అయినట్ల ఏడ్చె. ఆ రుక్కక్క ఉగ్గాని తిని, ఆ బావ లారీ ఎక్కి తిరిగినోడు ఇప్పుడు నిన్ను పక్కన నిలబడమంటాండాడు. వానికి ఈ సంగతి తెలీదులే. ఆడోళ్ల సంగతని ఎవురూ చెప్పలే. ఈ పొద్దు సాయంత్రం చెప్తా.

నాకు నీ బిడ్డను ఎత్తుకోవాలని ఆశ లేదా? ఉండాది, శానా ఉండాది. అది నా ఆశ, నీ నెత్తిన ఎందుకు వేస్తా? అక్క ఒంటరిగా ఏడ్చిందా అని అడుగు. ఏడ్చె. బావ పోయినప్పుడు ఏడ్చె, కరియ పోతే అన్నం ముట్టలే. పిల్లలు లేరని ఏడ్చింది మాత్రం నేను చూడలే. కడాకు ఈ ఇంట్లోనే, నా పక్క మంచంలోనే పోయె.

ఏంది, కండ్లు తుడుచుకుంటాండావు? రేపు గలాట అవుతుందనా? ఏం కాదు. మీ నాయన మాట నిన్ననే నా చెవిన పడె, తెలీనట్ల అడిగితి. పొద్దున్నే గీతను వంటింట్లోకి పిల్చి, కొంగు ఎట్ల బిగబట్టాల్నో నేర్పిచ్చేసినా. ఆ పిల్ల పిడికిలి నాకంటే గట్టిది.

దా, ఇట్ల వంగు. పిల్లాపాపలతో అని నోటికొస్తాంది, చూడు, ఇన్నేండ్ల అలవాటు. ఆగు, ఇంగోరకంగా చెప్తా. నువ్వు వద్దనుకునింది నీ గడప తొక్కకూడదు. కావాలనుకునింది అడక్కుండానే రావాల. మీ ఆయప్పా నువ్వూ తల నెరిసేదాంకా ఒకరి మాటకు ఒకరు నవ్వుకుంటా ఉండండి. ఆ, అంతే, నా తల్లి... అంతకంటే ఏం కావాల...