పడుకోబెట్టిన పెట్టె

మిషిగన్‌లో ఒక ఇల్లు. ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. ఎమెట్, అతని భార్య లోర్నా, కూతురు కొలీన్. లోపలి గదిలో, చనిపోయిన కొడుకు నీల్ వాడిన కంప్యూటర్ పెట్టె.

"లేపావు కదూ? మళ్ళీ లేపావు కదూ, లోర్నా?"

"కింద దుమ్ము, ఎమెట్. పెట్టె జరపకుండా ఎలా తుడవను? నిలబెట్టాను. ఏం, కొంప మునిగిందా?"

"మునిగింది! అది పడుకునే ఉండాలి. నీల్ దాన్ని పడుకోబెట్టే వాడుకున్నాడు. అలాగే ఉండాలి."

"చూడవే కొలీన్, మీ నాన్న కంప్యూటర్‌కి పక్క వేస్తున్నాడు. ఇంకాసేపుంటే దుప్పటి కూడా కప్పుతాడు."

"నాన్నా, అందులో హార్డ్ డ్రైవ్ పడుకున్నా, పక్కకి తిరిగినా, నిటారుగా నిలబడ్డా ఏమీ కాదు. ఏటవాలుగా వేలాడకూడదు, మరలు గట్టిగా బిగించి ఉండాలి, తిరుగుతున్నప్పుడు కదపకూడదు. అంతే. అమ్మా, ఆపాకే జరిపావు కదా?"

"ఆపాకే. నాకామాత్రం తెలీదా?"

"నువ్వు నిన్నగాక మొన్న వచ్చినవాటి సంగతి చెబుతున్నావు, కొలీన్. మా ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో డ్రైవ్‌ని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిప్పామంటే, ఉన్నదంతా వేరేచోట దాచి, మళ్ళీ ఫార్మాట్ చేసి తీరాల్సిందే. లేకపోతే చదివే ముల్లు గాడి తప్పేది."

"అంటే ఉన్నదంతా తుడిచేసి కొత్తగా గీతలు గీయడం! డైనోసార్ల కాలం నాటి మాట, నాన్నా. ఇప్పటి డ్రైవ్‌కి ఆ అవసరమే లేదు."

"అవసరమే లేదా?"

"లేదు. ఎందుకలా చూస్తున్నావు?"

"ఏం లేదు. ఏమీ లేదు."

"సరే, ఇవాళ దాన్ని విప్పి తీసుకెళ్తాను. అన్నయ్య గిటారు పట్టుకుని పాడినవన్నీ అందులోనే ఉన్నాయి. నిన్న టెస్ అడిగింది, 'అత్తా, మా నాన్న గొంతు ఎలా ఉండేది?' అని. ఆరేళ్ళ పిల్లకి ఏం చెప్పను?"

"ఇవాళ వద్దు. రోడ్లన్నీ మంచు, గుంతలు."

"తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటాను, సరేనా?"

"వచ్చే నెల చూద్దాం."

"పోయిన నెలా ఇదే మాట. క్రిస్మస్‌కీ ఇదే మాట!"

"ఇద్దరూ వచ్చి కూర్చోండి, రోస్టు చల్లారిపోతోంది. ఎమెట్, ప్రార్థన చెప్పు."

"ప్రభువా, నువ్విచ్చిన ఈ... ఈ... నువ్వే చెప్పు, లోర్నా."

"ఈ భోజనానికి వందనాలు తండ్రీ, ఆమెన్. కొలీన్, ఆ బంగాళాదుంపలు మీ నాన్నకి అందించు. ఆ డ్రైవ్ నువ్వు తీసుకెళ్ళడం లేదు."

"నువ్వు కూడానా, అమ్మా? అన్నయ్య గొంతు ఇంకెక్కడా లేదు!"

"దాంట్లోనూ లేదు."

"ఏంటీ?"

"వాడు చనిపోయిన వసంతంలో, పెట్టె బల్లంతా ఆక్రమించిందని నిలబెట్టమన్నాను. మీ నాన్న తలుపు వేసుకుని రోజంతా ఆ గదిలోనే ఉన్నాడు. మర్నాడు వాడి పాట విందామని వెళ్ళాను. వెతికాను, వెతికాను."

"నాన్నా... ఫార్మాట్ చేశావా?"

"అన్నీ ముందే దాచాను, కొలీన్. పద్ధతి ప్రకారమే. కంప్యూటర్‌ని నా పేరుతో తెరిస్తే కనబడ్డవన్నీ దాచాను. వాడి పేరుతో తెరిస్తేనే వచ్చేవి విడిగా ఉంటాయని తట్టలేదు."

"తుడిచింది తిరిగి తీసేవాళ్ళుంటారు, నాన్నా..."

"అడిగాను, ఇక రావన్నారు. అంచు నుంచి అంచుదాకా రెండుసార్లు తుడిచాను, అమ్మడూ. అందుకే మళ్ళీ పడుకోబెట్టాను... వాడు ఉంచినట్టే ఉంచితే, పాత గీత ఒక్కటైనా ముల్లుకి దొరుకుతుందేమోనని... లోర్నా, నీకు తెలుసా? ఇన్నాళ్ళూ తెలుసా?"

"తెలుసు. బుధవారం టెస్ వస్తుంది కదా. నానమ్మ దుమ్ము తుడుస్తూ పాటలన్నీ పోగొట్టిందని దానితో చెబుతాను. మీరిద్దరూ అవునని తలూపండి, చాలు."