మాటకి బొట్టు పెట్టుకోనన్న నాంచారి

నాంచారి అని ఒకతి ఉండేదంట, రోకటి వీధిలో. ఆ వీధి ఆడాళ్ళ పని ఒకటే, ఊళ్ళోవాళ్ళ మిరపకాయలూ పసుపుకొమ్ములూ దంచిపెట్టటం. మొగుడు తిరిపాలు. మిరపకాయలు ఎండబోస్తాడు, తొడిమలు తీస్తాడు, ఆ ఘాటుకి పొద్దస్తమానం తుమ్ముతా ఉంటాడు. మంచోడే అనుకో. ఒకరోజు మధ్యాన్నం కారం సంచి భుజానేసుకుని, కోటలో ఇచ్చొస్తానని వెళ్ళాడు. వెళ్ళొస్తానన్నోడు రాలేదు. ఏమైందంటే, కోట ముందర భటులు పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయారంట. చూసినోళ్ళు చెప్పారు. ఎందుకు పట్టుకున్నారో చూసినోళ్ళకీ తెలీదు.

నాంచారి చెరసాల కాడికి పోయింది. మా ఆయన ఉన్నాడా అయ్యా అనడిగితే, అట్టాంటోడు ఇక్కడ లేడు పో అన్నాడంట కావలోడు. మర్నాడు పోతే ఇంకో కావలోడు, ఉంటే ఉంటాడు, రాజుగారు పట్టుకున్నోణ్ణి యాడున్నాడని అడిగే రివాజు లేదు అన్నాడు. నిజమే, లేదు. పట్టుకోవటం ఆ రాజు ఇష్టం, వదలటం ఆయన ఇష్టం, చెప్పటం అసలే లేదు. ఇక నాంచారికి పొద్దున లేస్తే ఒకటే గొడవ. మొకం కడుక్కుని కుంకం భరిణి తీసుద్ది. పెట్టుకోవాలా, వద్దా? ఉన్నాడనుకుని పెట్టుకుంటే, పోయుంటే ఎట్టా? పోయాడనుకుని మానేస్తే, బతికున్నోణ్ణి చేతులారా చంపుకున్నట్టే గదా. చివరికి భరిణి మూసేసుద్ది. చేతులకి గాజులున్నాయి, నొసట బొట్టు లేదు. పక్కింటామె, ఏందే నాంచారీ, ఇటూ గాకుండా అటూ గాకుండా ఇదేం వాలకం అని దెప్పింది. నన్నడుగుతావేంది, కోటనడుగు అన్నదంట.

ఇట్టా ఉండగా రాజు కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళంటే ముందు పసుపు దంచాలి గదా. కోటలో ఏ పెళ్ళికైనా మొదటి పోటు రోకటి వీధి ముత్తైదువదే, అందులోనూ నాంచారి అత్తగారింటిది, తాతల నాటినుంచీ అంతే. రాణిగారి దాసి వెండి భరిణి పట్టుకుని బొట్టు పెట్టి పిలవటానికి వచ్చింది. వేలు కుంకంలో ముంచి నొసటి దాకా తెచ్చింది. నాంచారి మొకం పక్కకి తిప్పేసింది. కోపంతో కాదు, మెల్లగానే. "అమ్మా, నేను ముత్తైదువనో కాదో నాకు తెలీదు. తెలిసింది మీ రాజుగారికే. అడిగిరా, అవునంటే వస్తా" అన్నది. దాసి వేలు గాల్లోనే ఉండిపోయింది. మొగుడు పోయినదాని చేత దంచిస్తే రేపు ఆ పిల్ల గతేంది? అప్పట్లో అట్టా అనుకునేవాళ్ళులే. దాసి పక్కింటికి పోయింది. మొన్న దెప్పినామె గదా, ఆమె కూడా మొకం తిప్పింది. నాంచారి సంగతి తేలనీ, ఇయ్యాల దాని మొగుడు, రేపు మావోడు, సాయంత్రానికి నేనేమవుతానో నాకేం తెలుసు అన్నదంట. వీధి వీధంతా అంతే. తీసుకెళ్ళిన కుంకం తీసుకెళ్ళినట్టే తిరిగొచ్చింది.

రాణి పోయి రాజునడిగింది. నేను రాజుని, నేను పట్టుకున్నోడి సంగతి ఒక కారం దంచుకునేదానికి చెప్పాలా అని ఆయన మండిపడ్డాడు. "మీరు రాజే, ఎవరు కాదన్నారు. పసుపు మీ మాట వినదు గదా" అన్నది రాణి. భటుల్ని పంపి ఈడ్పిస్తానన్నాడు. ఈడ్పించండి, ఏడ్చుకుంటా దంచిన పసుపు మీ చేత్తోనే పుయ్యండి మీ కూతురికి అన్నదంట. రాజు కాసేపు అటూ ఇటూ తిరిగి, బతికే ఉన్నాడని చెప్పిరా పో అని సేనకి పెద్ద, దళవాయిని పంపాడు. దళవాయి గుర్రమెక్కి వీధిలోకొచ్చి, నీ మొగుడు బతికే ఉన్నాడు, బొట్టు పెట్టుకో అన్నాడు. నాంచారి చెయ్యి భరిణి మీదికి పోయింది కూడా. ఇది చాల్లే అనుకుంది. అంతలో కావలోడి మాట గుర్తొచ్చింది. లేడన్నదీ కోటే, ఉన్నాడంటున్నదీ కోటే. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాటకి బొట్టు పెట్టుకోను దొరా. మనిషికి పెట్టుకుంటా. చూపించు."

ముహూర్తం దగ్గరపడింది, ఏం చేస్తారు. నాంచారిని కోటకి పిలిచి, తిరిపాల్ని సంకెళ్ళతోనే రాజు ముందర పసుపు రోటి కాడికి తెచ్చి నిలబెట్టారు. గడ్డం పెరిగి, ఎండు మిరపకాయలా ఉన్నాడంట. నాంచారి తేరిపార చూసింది. ఏడవలేదు, కొంగుతో మొకం తుడుచుకుని బొట్టు పెట్టుకుంది. హమ్మయ్య అనుకున్నారు అందరూ. రోకలి మాత్రం ముట్టుకోలేదు. ఎందుకు పట్టుకున్నారో అది కూడా చెప్పండి అన్నది. రాజు దళవాయిని చూశాడు, దళవాయి కావలోణ్ణి చూశాడు, కావలోడు నేలని చూశాడు. ఎవరికీ గుర్తులేదు. చివరికి తిరిపాలే నోరు విప్పాడు. "తుమ్మాను దొరా. మీ పల్లకి బయల్దేరేటప్పుడు. భుజాన కారం సంచి, ఆగలేదు." మీరు నవ్వబాకండి, అక్కడ ఎవరూ నవ్వలేదంట. రాజు తల దించుకుని సంకెళ్ళు తీయించాడు.

అప్పుడన్నా పట్టుకుందా రోకలి? లేదు. పెళ్ళయ్యాక ఇంకెవరన్నా తుమ్మితేనో అన్నది. ఇక తప్పక రాజు పసుపుకొమ్ముల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఎవర్ని పట్టుకున్నా తెల్లారేసరికి వాళ్ళ వాళ్ళకి చూపిస్తాం, ఎందుకో ఊరి ముందు చెబుతాం, నేనైనా నా తర్వాతోడైనా అంతే అని. అప్పుడు రోకలెత్తి మొదటి పోటు వేసింది నాంచారి. పొడి గుప్పున లేచింది. పక్కనే నిలబడి ఉన్నాడు గదా రాజు, గట్టిగా తుమ్మాడంట. అందరూ దళవాయి వైపు చూశారు. దళవాయి పందిరికేసి చూశాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాడా అంటారా. కొన్నాళ్ళు నిలబెట్టుకున్నాడు, కొన్నాళ్ళు మరిచిపోయాడు. మరిచిపోయినప్పుడల్లా రోకటి వీధి ఆడాళ్ళు బొట్టు లేకుండా కోట ముందునించే నీళ్ళకి వెళ్ళేవాళ్ళంట, మళ్ళీ గుర్తొచ్చేది. అదీ సంగతి. పసుపు దంచటం నాకూ వచ్చు. అట్టా మొకం తిప్పటమే ఇంకా రాలేదు.