తడారిన మూల

"అమ్మమ్మా, అత్తయ్య కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోయేదన్నారుగా, ఇంతకీ ఎందుకంట?"

ఎందుకా? చెప్తా, కూర్చో. ఆ ఫోను అట్టా మొహం మీద పెట్టమాక, పక్కన పెట్టు. రికార్డయితే అవుద్దిలే.

మీ మావయ్య పోయింది వానాకాలంలో గదా. మీ అత్త కరుణ ఆ తర్వాతే ఈ పనిలో చేరింది. హైదరాబాదు కంపెనీ వాళ్ళ లెక్కలేవో ఇంట్లోనే కూర్చుని ఎక్కించటం. కంప్యూటర్ మీ మావయ్యదే, కూతురి చదువుకని కొన్నాడు. చలికాలమంతా బానే ఆడింది. ఎండలు ముదిరాక మొదలైంది చూడూ... బొమ్మ బొమ్మలాగే ఉంటది, బాణం గుర్తు కదలదు, మీటలు నొక్కితే పలకదు. ఆపి మళ్ళీ వెయ్యాలి. చేసిందంతా పోయేది. పాపం కరుణ ఏడుపు మింగుకుని మళ్ళీ మొదలెట్టేది.

ఆఖరికి ఆ కంపెనీ వాళ్ళు, ఇంకోసారి ఇట్టా అయితే కుదరదు, హైదరాబాదొచ్చి ఆఫీసులో కూర్చుని చెయ్యమన్నారంట. కరుణ సూట్‌కేసు దించి దులిపి పెట్టింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నా. వెళ్ళొద్దని ఏ మొహం పెట్టుకుని అంటా? తనూ బతకాలిగా. కానీ వాడి పెళ్ళాం, వాడి కూతురు కూడా ఈ ఇంట్లోంచి పోతే, నా కొడుకు రెండోసారి పోయినట్టేగా నాకు.

బస్టాండు దగ్గర రిపేరు కొట్టు సుభాని లేడూ, అతన్ని పిలిచాం. మొదటిసారి విప్పి, "దుమ్మండీ మామ్మగారూ" అన్నాడు. జగ్గయ్యపేటలో దుమ్ము లేని కొంప ఎక్కడుంది? మీ నందిగామోళ్ళకేం తెలుసు, ఇక్కడ పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి పేరు రాయొచ్చు. ఊదాడు, తుడిచాడు, పోయాడు. మర్నాడు మళ్ళీ అదే. రెండోసారి వైరస్సన్నాడు. లోపల చిన్న పలక, ర్యామంట, అదీ మార్చాడు. ఊహూ.

మధ్యలో ఒకరోజు గాలివాన కొట్టింది. మామిడికాయలన్నీ రాలినయ్యి, నువ్వు ఫోన్ చేశావు కూడా... కాదు కాదు, మీ అమ్మ చేసింది. ఆ మర్నాడంతా ఒక్కసారి కూడా ఆగలా. మళ్ళీ ఎండ కాసింది, మళ్ళీ మొదలు. కరుణే కనిపెట్టింది అది. సుభాని మూడోసారి వస్తే చెప్పింది. ఆ కంప్యూటర్ ఇనప డబ్బా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటందని కూడా చెప్పింది. అతను టెస్టరు పెట్టాడు. వెలిగింది. "మామ్మగారూ, మీ ఇంటికి ఎర్తు ఎక్కడ వేశారు?" అన్నాడు.

ఎర్తు సంగతి నాకు తెలుసు. మీ మావయ్య క్వారీలో కరెంటు పని చేసేవాడుగా, ఇల్లు కట్టినప్పుడు తనే పెరట్లో నీళ్ళ గాబు పక్కన గొయ్యి తవ్వి, గొట్టం దించి, బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా పోశాడు. ఏందిరా, గోతిలో ఆవకాయ పెడుతున్నావా అన్నా. నవ్వాడు. ఆ గాబు మీ తాత కీసర నుంచి ఎడ్లబండి మీద తెచ్చింది, అప్పట్లో ముప్పై రూపాయలో నలభయ్యో... సర్లే, గాబు సంగతి కాదు గదా.

తీసుకెళ్ళి చూపించా. నేల బీటలిచ్చి ఉంది. సుభాని వంగి చూసి, "ఎండిపోయిందండీ. ఇక్కడ తడి ఉంటేనే కరెంటు భూమిలోకి దిగేది, లేకపోతే ఆ డబ్బాలోనే ఉండిపోయి కంప్యూటర్ని ఆపేస్తది. ఇన్నాళ్ళూ ఎవరైనా నీళ్ళు పోసేవాళ్ళా?" అన్నాడు.

ఎవరు పోస్తారు తల్లీ! మీ మావయ్య డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులిప్పి, సరిగ్గా అక్కడే నిలబడి కాళ్ళు కడుక్కునేవాడు. క్వారీ తెల్లదుమ్ము మోకాళ్ళ దాకా ఉండేది. చెంబు మీద చెంబు గుమ్మరించేవాడు. బాత్రూం పెట్టుకుని అక్కడెందుకురా, నీళ్ళన్నీ నేలపాలు అని అరిచేదాన్ని. "తాగనీవే అమ్మా, దానికీ దాహమే" అనేవాడు. ఏదో ఎకసెక్కం అనుకున్నా. వాడు పోయాక ఆ చెంబు గాబు మీద బోర్లించా. ఎవర్నీ ముట్టుకోనీలా. అటువైపు పోవటమే నాకు చేతగాలా.

సుభాని బకెట్ తెమ్మన్నాడు. వద్దులే అని నేనే ఆ చెంబు తీశా. ముంచి పోస్తా ఉంటే తాగుతానే ఉంది నేల. ఎన్ని పోశానో ఏమో. లోపలికెళ్ళి మళ్ళీ టెస్టరు పెడితే వెలగలా. కరుణ తలుపు పట్టుకుని నిలబడి చూసింది. ఆ సాయంత్రమే సూట్‌కేసు తీసి అటక మీద పెట్టేసింది.

ఇప్పుడు బానే ఆడతంది, ప్రభువు దయ. కరుణ కూతురు బడి నుంచి వచ్చి రోజూ అక్కడే కాళ్ళు కడుక్కుంటది. వాళ్ళ నాన్నలాగే ఒంటికాలి మీద నిలబడి, ఆ చెంబుతోనే. చూస్తే నాకు ఏడుపొస్తది. అయినా ఆ టైముకి మెట్టు మీదకొచ్చి కూర్చుంటా.

నువ్వేంది, బస్సు దిగి తిన్నగా లోపలికొచ్చేశావు? లే, ఆ గాబు దగ్గరకెళ్ళి కాళ్ళు కడుక్కురా. రెండు చెంబులు ఎక్కువే పొయ్యి, ఏమీ అననులే. దేవుడు నిన్ను చల్లగా చూడాల తల్లీ... జారుద్ది, చూసి నిలబడు.