మూత తురుపు

ఏంటీ, మూత తురుపా? ఆ మాట నీకెవరు చెప్పారే? మీ నాన్నా? వాడికేం తెలుసు, వాడు ఫోన్లో ఆడే రకం. ఇలా కూర్చో. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, ముక్కలు ఎగిరిపోతాయి. ఆఁ, చూడు. నలుగురం ఆడతాం, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జోడీ. తురుపు ఎంచుకున్నవాడు ఆ రంగు ముక్కొకటి తీసి ఇలా బోర్లా పెడతాడు. ఏ రంగో ఎవరికీ చెప్పడు, సొంత జోడీకి కూడా. అదే మూత తురుపు. వేసిన రంగు చేతిలో లేనివాడు తురుపు తెరవమని నోరు తెరిచి అడగాలి. గొణిగితే చెల్లదు. అడిగాక తెరవాల్సిందే. తెరిచాక ఆ ఆట అయ్యేదాకా మళ్లీ మూయడం లేదు. అంతే. కానీ అలా ఆడాలంటే మా అక్క తర్వాతే ఎవరైనా.

నువ్వు చూళ్లేదులే ఆవిణ్ణి. నేను అచ్చు మిషన్ తొక్కిన ప్రెస్సులోనే బైండింగు గదిలో కాయితాలు మడతపెట్టేది. అన్నాలయ్యాక అరగంట పేకాట, ఆవిడే నా జోడీ. అచ్చు అయిపోయాక సీసపు అక్షరాలు కడిగి ఏ గడిలోవి ఆ గడిలో వేసే పని కూడా ఆవిడదే. ఆ అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టూలు మీద మాత్రం మగవాళ్లే, ఆడవాళ్లకి ఆ పని రాదని మా ఓనరు నమ్మకం. మరి నాలుగేళ్లు అక్షరాలు సర్దిన మనిషికి ఏది ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలీదూ? ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. ఆ స్టూలు ఎక్కాలని అక్క పంతం. వెళ్లి అడగొచ్చుగా అన్నాను. నేనడిగితే నవ్వి పంపిస్తాడురా, ఆయనచేతే అడిగిస్తా అంది.

ఇంతలో కంపోజిటరు సైకిల్ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మర్నాటికి పరీక్ష పేపర్లివ్వాలి. ఇప్పుడెవరు దిక్కంటూ ఓనరు గదులన్నీ తిరుగుతున్నాడు. మా అక్క మడతపెడుతున్న కాయితం మీంచి తలెత్తకుండా, "అడుగుతున్నారా, ఊరికే అంటున్నారా?" అంది. "అడుగుతున్నానమ్మా" అన్నాడాయన. చేతికంటిన జిగురు కడుక్కొచ్చి కూర్చుంది. ప్రూఫులో రెండే తప్పులు, తెలుసా? రెండే.

చెయ్యి బాగై అతను తిరిగొచ్చాడు. ఇక నీ గదికి వెళ్లమ్మా అన్నాడు ఓనరు. "తెరిచాక మూయడం లేదండీ" అంది అక్క, లేవలేదు. ఆయన నా దగ్గరికొచ్చి, మీ అక్కకి చెప్పుకో, లేదంటే ఇద్దరూ ఇంటికెళ్దురుగాని అన్నాడు. అప్పుడే మీ నాన్న పుట్టాడు, ఉద్యోగం పోతే ఎలా? అందరి ముందూ, "లే అక్కా, గొడవెందుకు" అన్నాను. నావంక ఒక్కసారి చూసింది. చూసి, తర్వాతి అక్షరం తీసుకుంది.

ఓనరు చూసి చూసి ఇంకో స్టూలు కొన్నాడు. ఇరవై రెండేళ్లు చేసిందే ఆ పని, తలవంచకుండా. నాతో పలకడం మానలేదు, ఇంటికి రావడం మానలేదు, మీ నాన్నని ఎత్తుకు పెంచింది. పేకాటలో మాత్రం ఆ రోజు నుంచీ ప్రెస్సు గుమస్తాకి జోడీ. కోపం చల్లారితే తనే వస్తుందిలే అని చూశాను. ఆవిడ సంగతి తెలిసుండీ చూశాను. నోరు తెరిచి, నా ఎదురుగా కూర్చో అక్కా అంటే కూర్చునేదే. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి అడగలేదు నేను.

ఊఁ... ఆ పేక ఇటివ్వు, కలిపిస్తా. నువ్వు పంచు.