తుఫానును పట్టిన వల

నోరు తెరిస్తే చేతిలో టీ చల్లారేదాకా మూయడని యెహోషువకు పాలెంలో పేరు. ఆ పొద్దు రెండో గ్లాసు కూడా చల్లారిపోయింది. మరి వాకాడు నుంచి పెంచలయ్య విసురువల చేయించుకుందామని వచ్చి, కెజియా టీకొట్టు బల్లమీద కూర్చునుంటే నోరు ఊరుకుంటుందా! మిషన్ వలలు కొని, ముడులు జారి, రెండుసార్లు చేపల్ని సముద్రానికే వదిలేసిన మనిషి ఆయన. ఈ పని దొరికితే వాకాడుదాకా తన పేరు మోగిపోతుందని యెహోషువ ఆశ. ఇంట్లోని వలను తెచ్చి ఆయన ఒళ్లో పరిచి, కుడిచెయ్యి పైకెత్తాడు.

"అయిదేళ్ల వల అన్నా ఇది! ఒక్క కన్ను తెగలా. పొద్దున ప్రార్థన గంటకు మొదలుపెట్టినా, మధ్యాహ్నం కూడు వేళకు ముడి ముగించినా. ముందు దీంట్లో సొరచేప పడింది, పడవంత!"

"నిన్న చెప్పినప్పుడు మూరెడే గదా?" అన్నాడు పక్కింటి జడ్సన్.

"ఒక్కరోజులో ఎదిగిందిలే! ఈ కుడిచేత్తోనే లాగినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కన్నులు ఎంత సన్నంగా అల్లినానంటే, వల ఎత్తితే నీళ్లు కారిపోయినాయి, ఉప్పు మిగిలిపోయింది. ఆ ఏడు పాలెమంతా ఆ ఉప్పుతోనే ఆవకాయ పెట్టింది."

"నా కొట్టుకు చిటికెడు కూడా రాలేదే!" అంది కెజియా.

"నువ్వు చక్కెరతో గదా టీ పెట్టేది! ఇంకా విను. తుఫాను వచ్చింది. అందరూ బడిలోకి పరుగెత్తినారు. నేను ఒడ్డున నిలబడి, ఇట్టా కుడిచెయ్యి తిప్పి విసిరినా. గాలి వలలో పడింది! గిలగిలా కొట్టుకుంది. మూడు రోజులు రాటకు కట్టేసినా. 'తుఫాను దారి తప్పింది' అని టీవీలో చెప్పినారే, ఎక్కడికి పోయింది? మా పెరట్లోనే ఉండింది!"

అందరూ నవ్వారు. పెంచలయ్య మాత్రం నవ్వలేదు. వలను వెలుతురుకు పట్టి, ఒక్కొక్క ముడినీ గోటితో తడుముతున్నాడు. లాగి చూశాడు. కదలలేదు.

"పని బాగుంది అబ్బయ్యా. ప్రతి ముడీ ఒకే బిగువు. మనసు పెట్టి వేసిన చెయ్యి ఇది."

యెహోషువ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"అయితే ఈ ముడులన్నీ ఎడమచేతి వాటం. సొరను, గాలిని నువ్వు కుడిచేత్తోనే గదా పట్టినావు?"

బల్లమీది తలలన్నీ ఒక్కసారే కొట్టు పక్కకు తిరిగాయి. అక్కడ యెహోషువ భార్య డెబోరా, ఇందాకటినుంచీ తలెత్తకుండా చినిగిన వలకు మాటు వేస్తోంది. వల అల్లే సూది ఎడమచేతిలో ఉంది.

యెహోషువ చల్లారిన టీని గటగటా తాగేశాడు.

"అమ్మా, నాకొకటి అల్లిపెడతావా? ఎన్నాళ్లు పడుతుంది?" అడిగాడు పెంచలయ్య.

డెబోరా దారాన్ని పళ్లతో తెంపింది.

"నలభై రోజులు అన్నా. మధ్యాహ్నం కూడు వేళకే కావాలంటే మాత్రం ఆయన్నే అడుగు."