పాట ఆగిన మూల

1944. పుత్తూరు దారిలో ఒక శనక్కాయల మండీ. విత్తనానికని ఆడవాళ్లు కొట్టంలో కూర్చుని చేత్తో కాయలు ఒలుస్తున్నారు. మేస్త్రీ దొరస్వామి వచ్చి మునిరత్నమ్మ ముందు ఆగాడు.

“మళ్లీ ఆపినావే! పాడమంటే పాడవేమ్మే?”

“గొంతు పోయింది మేస్త్రీ.”

“నిన్న బాగానే ఉన్నిందే. కొట్టమంతా నీ పాటకే గదా వంత పాడినారు?”

“నిన్న ఉన్నింది. ఈపొద్దు లేదు.”

“పాట లేకుంటే నోట్లో ఏముండాది? తెరు.”

“ఏం లేదు.”

“తెరవమంటినా! పాట నిలిసిందంటే ఇత్తనం నమల్తా ఉండారనే లెక్క. సావుకారు ఊరికే పెట్టినాడా ఈ కట్టుబాటు? ఒలిసినంతసేపూ పాడాల. నాలికెత్తు... ఊఁ. మింగేసినావు.”

“మింగలా. పొద్దున్నించి నీళ్లు గూడా మింగలా.”

“మేస్త్రీ, దాని బదులు నేను పాడతాలే. ఈపొద్దుకి ఇడిసిపెట్టు దాన్ని.”

“నీ పని నువ్వు సూసుకో సిద్ధమ్మా. నువ్వు పాడితే దాని నోరు ఆడతాదా? పక్కపక్కన కూసుని ఇద్దురూ పంచుకు తింటా ఉండారా యేం?”

“థూ, ఏం మాటది! పోయినేడు నాలుగణాలు ఇస్తా ఉన్నిరి. ఇప్పుడు మూడు. కూలి తగ్గించినారు, పాట పెంచినారు. ఇంగ మమ్మల్నే దొంగలంటావా?”

“గిట్టకుంటే లేసిపో. వాకిట్లో పదిమంది కాసుకోనుండారు, పాడేవాళ్లు. మునిరత్నమ్మా, ఆఖరు తూరి సెప్తాండా. పాడు. లేదంటే రేపట్నించి రావద్దు.”

“అంతమాట అనొద్దు మేస్త్రీ! ఇంట్లో ఇద్దురు బిడ్డలుండారు. ఈ కూలి లేకుంటే వాళ్లకి గంజి గూడా లేదు.”

“ఇద్దురేంది? ముగ్గురు గదా నీకు?”

“ఆఁ... ముగ్గురే.”

“పైటెందుకట్లా తడిసుండాది? ఏం దాపెట్టినావాడ? దులుపు!”

“సెయ్యి తియ్యి మేస్త్రీ. ఏం దాపెట్టలా. పాలు.”

“పాలా?”

“కారతా ఉండాయి. నేనేం సేసేది?”

“బిడ్డకి తాపించి రావల్ల గదా పొద్దున్నే.”

“దాన్నేం అడగొద్దు మేస్త్రీ, నీకు పుణ్యముంటాది.”

“నువ్వుండు సిద్ధమ్మా. ఏందో దాస్తాండారు మీరిద్దురూ.”

“సిద్ధక్కా, సెప్పొద్దే, నీ కాళ్లు మొక్కుతా...”

“సెప్పకుంటే దొంగను సేసి తరిమేస్తాండాడు గదే! మేస్త్రీ, దాని సిన్నబిడ్డ తెల్లారేతలికి సచ్చిపోయింది. గుంతలో పెట్టి నేరుగా పనికొచ్చింది ఇది.”

“అంటుతోనా? అంటుతో వచ్చి ఇత్తనం ముట్టుకున్న్యావా?”

“సెప్తే వాకిలి దాటనిస్తావా నన్ను? అందుకే సెప్పలా. కొట్టు, తిట్టు, పడతా. ఈ సేతుల్తోనే దాని మింద మన్నేసినా, ఈ సేతుల్తోనే కాయలొలస్తా. పాట మాత్రం రాదు మేస్త్రీ. నోరు తెరిస్తే ఏడుపొస్తాది.”

“నువ్వొలిసిందంతా పెద్దకుప్పలో కలిసిపాయ గదే! సావుకారుకి తెలిస్తే అంటుపడిన ఇత్తనం మొలవదని కుప్పంతా పారబోయిస్తాడు. దాంతోపాటే నన్నూ గెంటేస్తాడు.”

“అయితే జరమని సెప్పి దాన్ని ఇంటికి పంపించు మేస్త్రీ. నేనెవురితోనూ అనను.”

“యాడ పంపేది? అదిగో, సావుకారే వస్తాండాడు.”

“ఏమి దొరస్వామీ! ఆ మూల పాట ఇనపళ్లేదే? ఏం మేస్తా ఉండారాడ?”

“ఏం లేదు సామీ! గొంతు సవరించుకుంటా ఉండాది, ఇదిగో పాడతాది!... ఏమ్మే, కండ్లు తుడుసుకో. ఎవురూ సావలా. నీ బిడ్డ ఇంట్లో పండుకోనుండాది. ఊఁ, జోల పాడు.”